కొడైకెనాల్: సరస్సు చుట్టూ పెరిగిన ఊరి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి చివరి వారం వచ్చిందంటే నాకు అవే ఫోన్లు. "కొడై వెళ్తున్నాం, ఎన్ని రోజులు పెట్టుకోవాలి?", "పిల్లలకి వాంతులు అవుతాయేమో?", "ఆ లేక్ తప్ప ఇంకేముంది అక్కడ?" చుట్టాలు, ఆఫీసు వాళ్లు, వాళ్ల స్నేహితులు అందరివీ అవే సందేహాలు. చాలాసార్లు వెళ్లొచ్చిన ఊరు, నాకు చాలా ఇష్టమైన ఊరు. అందుకే ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరే మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## బయల్దేరక ముందు

పేరులో కెనాల్ అని ఉంది, అక్కడ కాలువ ఏమైనా ఉందా?

లేదు. తమిళంలో ఆ పేరు కోడైక్కానల్. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చదివి చదివి మన నోట్లో కెనాల్ అయిపోయింది. కోడై అంటే వేసవి. కానల్‌లో ఉన్నది అడవి, మన 'కాన' అనే పాత మాటకి చుట్టం. అందుకే 'వేసవి అడవి' అని చాలామంది అర్థం చెబుతారు. కొడి అంటే తీగ కాబట్టి 'తీగల అడవి' అనేవాళ్లున్నారు, కొడై అంటే దానం కాబట్టి 'అడవి ఇచ్చిన కానుక' అనేవాళ్లూ ఉన్నారు. అంత పొడుగు పేరు అక్కడ ఎవరూ పలకరు, కొడై అంటే చాలు.

ఊటీ చూసేశాం. మళ్లీ కొడై ఎందుకు?

రెండూ ఎత్తైన చల్లని ఊళ్లే, కానీ పోలిక అక్కడితో సరి. ఊటీ జిల్లా కేంద్రం, పెద్ద ఊరు, చుట్టూ టీ తోటలు, కొండెక్కే చిన్న రైలు. కొడై దిండుగల్ జిల్లాలో పళని కొండల మీద దాదాపు 2,100 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరు. పైకి రైలు లేదు. టీ తోటల బదులు షోలా అడవి (పొట్టి చెట్ల కొండ అడవి), గడ్డి కొండలు, మెట్ల పొలాలు కనిపిస్తాయి. ఊటీలో సరస్సు చూడాల్సిన వాటిలో ఒకటి. కొడైలో మాత్రం ఏ వీధిలో బయల్దేరినా చివరికి సరస్సు గట్టు మీదే తేలతాం. రోజంతా కారెక్కి దిగే ఓపిక లేనివాళ్లకి, నడవడం ఇష్టమైనవాళ్లకి నేను కొడైనే చెబుతాను.

ఏ నెలలో వెళ్తే మంచిది?

ఏప్రిల్, మే నెలల్లో వాతావరణం హాయిగా ఉంటుంది, జనమే హాయిగా ఉండనివ్వరు. మనకి నైరుతి వానలు పడే జూలై, ఆగస్టుల్లో కొడైలో జల్లులు, గాలి, పొగమంచు ఉంటాయి. వానలు దంచేది అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా, ఈశాన్య రుతుపవనాలప్పుడు. ఆ రోజుల్లో ఘాట్ రోడ్డులో చెట్లు కూలడం, మట్టి జారడం కొత్త కాదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆకాశం శుభ్రంగా ఉంటుంది, రాత్రుళ్లు గట్టి చలి. స్కూలు సెలవులతో పని లేకపోతే ఫిబ్రవరి రెండో సగం గానీ సెప్టెంబరు గానీ ఎంచుకోండి. గదులు సులభంగా దొరుకుతాయి.

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

మూడు రాత్రులు. ఒక్క రాత్రికైతే అసలు వద్దు, కొండెక్కి దిగడంలోనే అలసట మిగులుతుంది.

ఈ-పాస్ నిజంగా కావాలా, లేక చెక్‌పోస్టులో మేనేజ్ చేసుకోవచ్చా?

కావాలి. మేనేజ్ చేయడం గురించి ఆలోచించకండి. మద్రాస్ హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీకి, కొడైకి వచ్చే టూరిస్టు వాహనాలకి ఈ-పాస్ తప్పనిసరి అయింది. 2025 ఏప్రిల్‌లో రోజుకి ఇన్ని వాహనాలే అని పరిమితి కూడా పెట్టారు. కొడైకి మామూలు రోజుల్లో 4,000, వారాంతాల్లో 6,000. పాస్‌కి డబ్బు కట్టక్కర్లేదు, తమిళనాడు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వాహనం నంబరు, తేదీలు, బస చేసే చోటు ఇస్తే వస్తుంది. ప్రభుత్వ బస్సులో వెళ్లేవాళ్లకి ఈ గొడవ లేదు. అంకెలు, తేదీలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే వారం ముందు నిబంధనలు ఒకసారి చూసుకోండి. వారాంతం అయితే పాస్ చేతిలో పడ్డాకే గది బుక్ చేసుకుంటే టెన్షన్ ఉండదు.

హైదరాబాద్, విజయవాడ వైపు నుంచి ఎలా వెళ్లాలి?

హైదరాబాద్ నుంచి మదురైకి విమానం ఉంది, అక్కడి నుంచి రోడ్డు మీద దాదాపు 120 కిలోమీటర్లు. రైలైతే చెన్నైలో మారితే మదురై వైపు బళ్లు చాలా ఉంటాయి. కొడైకెనాల్ రోడ్ అనే స్టేషన్ చూసి ఊరు వచ్చేసిందనుకునేరు. అది కొండ కింద, ఊరికి 80 కిలోమీటర్ల దూరంలో ఉంది. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ అక్కడ ఆగవు, అలాంటప్పుడు దిండుగల్‌లో దిగండి. పళని సుబ్రహ్మణ్యస్వామి దర్శనం కూడా అనుకున్నవాళ్లు పళని నుంచి వేరే ఘాట్ రోడ్డులో నేరుగా ఎక్కవచ్చు, సుమారు 65 కిలోమీటర్లు.

గది లేక్ దగ్గర తీసుకోవాలా, దూరంగానా?

పెద్దవాళ్లు వెంట ఉంటే లేక్‌కి నడిచి వెళ్లేంత దగ్గరలో తీసుకోండి. ఫొటోలు చూసి 'లేక్ వ్యూ' అనే మాటని నమ్మకండి. ఒకసారి మేం అలాగే బుక్ చేసుకుంటే బాత్రూమ్ కిటికీ తెరిచి, పక్కకి వంగి చూస్తే రెండు యూకలిప్టస్ చెట్ల మధ్య చిన్న నీటి ముక్క కనిపించింది. గదిలోంచి తీసిన వీడియో పంపమని అడగండి. వేడి నీళ్లు ఏ వేళల్లో వస్తాయో కూడా కనుక్కోండి, ఆ చలిలో అది చిన్న విషయం కాదు.

## కొండెక్కేటప్పుడు

ఘాట్ రోడ్డులో వాంతులు రాకుండా ఏం చేయాలి?

కడుపు నిండా తిని ఎక్కకండి, ఖాళీ కడుపుతో కూడా ఎక్కకండి. రెండు ఇడ్లీలు సరిపోతాయి. పిల్లలకి ఫోన్ ఇవ్వొద్దు, తల దించుకుని స్క్రీన్ చూస్తే తిప్పడం మొదలవుతుంది. డ్రైవర్‌కి తొందరేం లేదని ముందే చెప్పి, మధ్యలో ఒకసారి ఆపించండి. మాత్ర వేసుకునే అలవాటుంటే మలుపులు మొదలవడానికి అరగంట ముందే వేసుకోవాలి.

ఈ రోడ్డు ఎప్పుడు పడింది? అంతకుముందు ఎలా ఎక్కేవాళ్లు?

కొండ కింద ఉన్న బత్తలగుండు వైపు నుంచి వచ్చే ఘాట్ రోడ్డుకి దాన్ని వేయించిన మేజర్ లా పేరు మీద లాస్ ఘాట్ రోడ్ అని పేరు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1916లో మామూలు జనానికి తెరిచారు. అంతకుముందు పెరియకుళం దగ్గర కొండ మొదట్లో ఉన్న కృష్ణమ నాయకన్ తోపు దాకా ఎడ్లబండి మీద వచ్చి, అక్కడి నుంచి కాలిబాటన ఎక్కేవాళ్లు. ఓపికున్నవాళ్లు నడిచో గుర్రం మీదో వెళ్తే, ఆడవాళ్లనీ పిల్లల్నీ జబ్బుపడినవాళ్లనీ కూలీలు డోలీల్లో మోసేవాళ్లు. సామానంతా మనుషులే మోసుకుని ఎక్కేవాళ్లు. ఆ పేరులోని తోపు మన తోపే, నాయకుడు మన నాయకుడే. మదురైని ఏలిన నాయక రాజులు తెలుగువాళ్లు, వాళ్ల వెంట వచ్చి ఆ పల్లాల్లో స్థిరపడిన కుటుంబాలు ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. బత్తలగుండు, పెరియకుళం వైపు టీ తాగడానికి ఆగినప్పుడు యాస మారిన తెలుగు చెవిన పడితే ఆశ్చర్యపోకండి.

సిల్వర్ కాస్కేడ్ దగ్గర ఆగాలా?

ఎలాగూ రోడ్డు పక్కనే ఉంది, ఆగండి. ఊరికి 8 కిలోమీటర్ల ముందు దాదాపు 180 అడుగుల మీంచి పడే నీళ్లవి. కొడై సరస్సు నిండి పొర్లిన నీరే అలా దిగి వస్తుంది. అందుకే స్నానం చేయకండి, తాగకండి. కోతులు చేతిలో కవర్ కనిపిస్తే లాక్కుంటాయి.

## సరస్సు దగ్గర

లేక్ సహజంగా ఏర్పడిందా, తవ్వించారా?

సహజం కాదు, తవ్వించిందీ కాదు. వాగులు కలిసే చోట ఒక చిత్తడి లోయ ఉండేది. 1863లో మదురై కలెక్టర్ వీర్ హెన్రీ లెవింజ్ ఆ లోయకి అడ్డంగా కట్ట వేయించాడు. నీళ్లు వెనక్కి నిలబడి, కొండల మధ్య ఉన్న ప్రతి సందులోకీ చేయి చాచాయి. అందుకే సరస్సు నక్షత్రంలా ఉంటుంది. గట్టు మీద నిలబడి చూస్తే మాత్రం ఆ ఆకారం తెలియదు, ఎటు చూసినా నీళ్లు ఒక మలుపు తిరిగి మాయమవుతున్నట్టు ఉంటుంది. నాకైతే ఆ సరస్సు అందమంతా అందులోనే కనిపిస్తుంది. మొదటి పడవ తూత్తుకుడి రేవు నుంచి తెప్పించాడట లెవింజ్. ఉద్యోగం అయిపోయాక ఈ ఊళ్లోనే ఇల్లు కట్టుకుని ఉన్నాడు. వైశాల్యం 24 హెక్టార్లు, అంటే 60 ఎకరాలు. మన పల్లెల్లో పెద్ద చెరువులు ఇంతకన్నా పెద్దవే ఉంటాయి, కానీ ఒక ఊరు తన చుట్టూ పెరిగే అదృష్టం అన్ని చెరువులకీ ఉండదు.

పడవ ఎక్కాలా, సైకిల్ తొక్కాలా, నడవాలా?

టైముంటే మూడూ. ఒకటే అంటే పొద్దున్నే నడక. చుట్టూ సుమారు 5 కిలోమీటర్లు, చదునైన రోడ్డు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా మెల్లగా తిరగ్గలరు. ఆరింటికల్లా గట్టు మీద ఉండండి. ఆ వేళకి నీటి మీద పొగమంచు జానెడు ఎత్తున పరుచుకుని ఉంటుంది. పడవలన్నీ గొలుసులతో కట్టేసి ఉంటాయి, వాటి సీట్ల మీద మంచు నీరై నిలుస్తుంది. సైకిళ్ల కుర్రాడు గుడ్డతో ఒక్కొక్క సీటూ తుడుస్తుంటాడు. అవతలి ఒడ్డు మీద ఎండ ముందు చెట్ల తలల్ని తాకి, నెమ్మదిగా కిందికి దిగి, నీళ్ల దాకా వచ్చేసరికి ఏడు దాటుతుంది. అప్పుడు మంచు ముక్కలు ముక్కలుగా లేస్తుంది. ఎనిమిదిన్నరకి హారన్లు మొదలవుతాయి, గుర్రాలవాళ్లు, మొక్కజొన్న కంకుల బళ్లు వచ్చేస్తాయి. అదీ సరదానే, కానీ అది మరో ఊరు అనిపిస్తుంది. పడవకి సాయంత్రం కంటే పొద్దున తొమ్మిది, పది మధ్య మేలు. తెడ్లు వేసే మనిషితో సహా పడవ తీసుకుంటే సందుల్లోకి తీసుకెళ్తాడు.

లేక్ నీళ్లు శుభ్రంగా ఉంటాయా?

చూడటానికి బాగుంటాయి, అంతవరకే. చుట్టూ హోటళ్లు పెరిగి మురుగు చేరుతోంది, కలుపు మొక్కలు తరచూ తీయాల్సి వస్తోంది. ఇంకో బాధాకరమైన చరిత్ర కూడా ఉంది. కొడైలో ఒక థర్మామీటర్ ఫ్యాక్టరీ నడిచేది. పాదరసం కలిసిన గాజు వ్యర్థాలు బయటపడటంతో 2001లో మూతపడింది. పక్కనున్న పాంబార్ షోలా అడవి మట్టిలో పాదరసం చేరింది, సరస్సు నీటిలోనూ చేపల్లోనూ శాస్త్రవేత్తలకి దాని ఆనవాళ్లు దొరికాయి. అందులో పనిచేసినవాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 2016లో కంపెనీతో పరిహారం ఒప్పందం కుదిరింది. ఊరి అందం గురించి చెప్పేటప్పుడు ఇది దాచకూడదని నా అభిప్రాయం.

## ఊరి చరిత్ర గురించి

ఈ ఊరిని బ్రిటిష్ వాళ్లే కట్టారా?

మన దేశంలో హిల్ స్టేషన్లు దాదాపు అన్నీ బ్రిటిష్ వాళ్లు మొదలుపెట్టినవే. కొడైని మొదలుపెట్టింది అమెరికన్లు. 1821లో వార్డ్ అనే సైనికాధికారి ఈ కొండల్ని సర్వే చేశాడు. మదురైలో పనిచేసే అమెరికన్ మిషనరీలు ఎండలకీ జ్వరాలకీ కలరాకీ కుటుంబాల్ని పోగొట్టుకుంటూ, చల్లని చోటు వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చారు. 1845లో రెండు ఇళ్లు కట్టుకున్నారు, వాటి పేర్లు సన్నీసైడ్, షెల్టన్. అంటే ఈ ఊరు మొదట సరదా కోసం పుట్టలేదు, ప్రాణాలు నిలబెట్టుకోవడానికి పుట్టింది. ఆ తర్వాత బ్రిటిష్ అధికారులు, ఫ్రెంచి పాదరీలు, మద్రాసు, మదురై పెద్దమనుషులు వచ్చారు. మిషనరీల పిల్లల కోసం 1901లో పెట్టిన బడే ఇప్పుడు లేక్ పక్కన కనిపించే కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూల్.

అంతకుముందు ఆ కొండ మీద మనుషులే లేరా?

ఎందుకు లేరు! పళియర్లు అనే గిరిజనులు ఎప్పటినుంచో ఆ అడవిలో తేనె, దుంపలు సేకరించుకుంటూ బతికినవాళ్లు. తాండిక్కుడి వైపు పెద్ద పెద్ద రాతి పలకలతో కట్టిన పురాతన సమాధులు ఉన్నాయి, వాటి వయసు వేల ఏళ్లలో లెక్కించాలి. విల్పట్టి, పూంబారై లాంటి కొండ పల్లెలు తెల్లవాళ్లు రాకముందే వ్యవసాయం చేస్తున్నాయి. 'ఫలానా దొర ఈ కొండని కనిపెట్టాడు' అని గైడ్ చెప్పినప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

ఇంత చిన్న ఊళ్లో సూర్యుణ్ణి చూసే అబ్జర్వేటరీ ఎందుకు పెట్టారు?

దీని వెనక ఒక కరువు ఉంది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని తుడిచిపెట్టిన కరువు, మన రాయలసీమలో ధాత కరువు అని చెప్పుకునేది. వానలు ఎందుకు ముఖం చాటేస్తున్నాయి, సూర్యుడి మీద మచ్చలకీ వానలకీ ఏమైనా సంబంధం ఉందా అని ప్రభుత్వం ఆలోచనలో పడింది. సూర్యుణ్ణి రోజూ గమనించడానికి మబ్బు, దుమ్ము తక్కువ ఉన్న కొండ కావాలి. మిచీ స్మిత్ అనే శాస్త్రవేత్త దక్షిణాది కొండలు తిరిగి చూసి కొడైని ఎంచుకున్నాడు. 1899లో మద్రాసు అబ్జర్వేటరీ పని ఇక్కడికి మారింది, 1901లో పరిశీలనలు మొదలయ్యాయి.

1909 జనవరిలో జాన్ ఎవర్‌షెడ్ ఇక్కడే ఒక విషయం కనిపెట్టాడు: సూర్యుడి మచ్చల అంచుల్లో వాయువులు మధ్య నుంచి బయటికి ప్రవహిస్తున్నాయి. సూర్యుణ్ణి చదివే ప్రతి విద్యార్థీ ఇప్పటికీ ఎవర్‌షెడ్ ఎఫెక్ట్ గురించి చదువుతాడు. 1904 నుంచి తీసిన సూర్యుడి ఫొటోలు అక్కడ భద్రంగా ఉన్నాయి, నూరేళ్లు దాటిన ఇలాంటి వరస ప్రపంచంలో చాలా అరుదు. ఇప్పుడు దీన్ని బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ నడుపుతోంది. చిన్న మ్యూజియం ఉంది. పిల్లలతో వెళ్లేవాళ్లు ఒక వ్యూ పాయింట్ తగ్గించుకుని అయినా ఇక్కడికి వెళ్లండి. పైనుంచి తెచ్చిన వెలుగు తెల్ల కాగితం మీద గుండ్రంగా పడి, దానిలో పెసరగింజంత మచ్చ కనబడినప్పుడు మా చెల్లెలి కొడుకు వేలు పెట్టి తుడవబోయాడు.

## ఊళ్లో తిరిగేటప్పుడు

కోకర్స్ వాక్‌లో మంచు తప్ప ఏమీ కనబడలేదు. మోసపోయామా?

మీరు మధ్యాహ్నం వెళ్లి ఉంటారు. 1872లో కోకర్ అనే లెఫ్టినెంట్ కొండ అంచు వెంట వేయించిన కిలోమీటరు కాలిబాట అది. పొద్దున తొమ్మిదిలోపు కింద పల్లం అంతా పరిచినట్టు కనిపిస్తుంది, పెరియకుళం దాకా. పది దాటాక లోయలోంచి మబ్బు లేస్తుంది. ఒక్కోసారి ఆ మబ్బే వరం. వెనక ఎండ, ఎదురుగా మబ్బు ఉంటే మీ నీడ మబ్బు మీద పడి, తల చుట్టూ ఇంద్రధనస్సు వలయం కనిపిస్తుంది. ఎప్పుడో గానీ దొరకదు.

పిల్లర్ రాక్స్, గుణ గుహలు, పైన్ ఫారెస్ట్, మూడూ చూడాలా?

మూడూ ఒకే దారిలో ఉన్నాయి కాబట్టి ఒక పూటలో అయిపోతాయి. పిల్లర్ రాక్స్ అంటే 122 మీటర్ల ఎత్తున పక్కపక్కన నిలబడ్డ మూడు రాతి స్తంభాలు. పొద్దున మొదట అక్కడికే వెళ్లండి. గుణ గుహల్ని తెల్లవాళ్లు డెవిల్స్ కిచెన్ అనేవాళ్లు, 1991 నాటి తమిళ సినిమా 'గుణ' అక్కడ తీశాక ఈ పేరు స్థిరపడింది. లోతైన చీలికల్లో మనుషులు పడి చనిపోయారు, అందుకే కంచె వేశారు. రీల్స్ కోసం కంచె దాటే స్నేహితుణ్ణి చెయ్యి పట్టుకుని ఆపండి. పైన్ చెట్లు ఫొటోలకి బాగుంటాయి గానీ అవి ఈ కొండవి కావు, బ్రిటిష్ కాలంలో నాటినవి. ఈ కొండ అసలు సొత్తు షోలా. పొట్టి చెట్లు, కొమ్మల నిండా నాచు, కింద స్పాంజిలా నీళ్లు పట్టుకునే నేల. వేసవిలో కూడా వాగులు పారేది దాని పుణ్యాన.

బ్రయంట్ పార్క్‌కి టికెట్ పెట్టి వెళ్లొచ్చా?

మేలో పూల ప్రదర్శన ఉంటే తప్పకుండా. 1908లో బ్రయంట్ అనే అటవీ అధికారి రూపొందించిన తోట, సరస్సు పక్కనే, ఇరవై ఎకరాలు. మిగతా నెలల్లో ఓ గంట చాలు.

రోడ్డు మీద అడవి దున్న ఎదురైతే ఏం చేయాలి?

ఇది నిజంగా ఎదురయ్యే విషయం. చీకటి పడ్డాక బజారు వీధుల్లోకి కూడా వస్తాయి. మగది వెయ్యి కిలోల దాకా తూగుతుంది. నల్లగా నిగనిగలాడే ఒళ్లు, మోకాళ్ల కింద తెల్ల మేజోళ్లు తొడిగినట్టు కాళ్లు. ఒక రాత్రి మేం భోంచేసి వస్తుంటే బస గేటు ముందు ఒకటి నిలబడి గడ్డి నములుతోంది. ఆ నమిలే చప్పుడు, ముక్కులోంచి వచ్చే ఆవిరి తప్ప ఇంకేం కదలలేదు. పదిహేను నిమిషాలు దూరంగా నిలబడ్డాం, అదే వెళ్లిపోయింది. మీరూ అంతే చేయండి. ఫ్లాష్ కొట్టకండి, అరవకండి, దగ్గరికి వెళ్లకండి.

బెరిజం లేక్‌కి ఎవరైనా వెళ్లొచ్చా? అటు నుంచి మున్నార్‌కి దారి ఉందంటారు?

బెరిజం అడవి లోపల ఉంది. అటవీ శాఖ అనుమతి కావాలి, రోజుకి కొన్ని వాహనాలనే పంపుతారు, అందుకే పొద్దున్నే ప్రయత్నించాలి. పెరియకుళానికి తాగునీరు అక్కడి నుంచే వెళ్తుంది, కాబట్టి పడవలు, తినుబండారాల కొట్లు ఉండవు, ఉండకూడదు కూడా. పాత మున్నార్ రోడ్డు ఆ పక్కగానే వెళ్లేది, ఎప్పుడో మూసేశారు. ఇప్పుడు మున్నార్ వెళ్లాలంటే కొండ దిగి, తేని, బోడినాయకనూరు మీదుగా మళ్లీ ఎక్కాల్సిందే.

## ఇంటికొచ్చేటప్పుడు

ఏం కొనుక్కోవాలి? చాక్లెట్లేనా?

చాక్లెట్లు పిల్లలకి కొనండి. వంటింటికి మాత్రం కొండ వెల్లుల్లి. తమిళంలో మలై పూండు అంటారు, 2019లో జీఐ (ఆ ప్రాంతపు సరుకుగా ఇచ్చే భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఘాటు ఎక్కువ, నిల్వ బాగా ఉంటుంది. పూంబారై పల్లెలో ఇళ్ల ముందే కట్టలు కట్టి అమ్ముతారు. ఆ మెట్ల పొలాలు చూడటానికి అయినా ఓ పూట వెళ్లండి. సీజన్‌లో పియర్స్, ప్లమ్స్ దొరుకుతాయి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కొడైలో నిషేధం, స్టీలు సీసా వెంట ఉంచుకోండి.

కురింజి పూలు ఈసారి కనబడలేదు. మళ్లీ ఎప్పుడు?

నీలకురింజి పన్నెండేళ్లకి ఒకసారే పూస్తుంది. 2006లో పూసింది, 2018లో పూసింది, ఇక 2030లో. మధ్యలో అక్కడక్కడా కొన్ని పొదలు పూసినా కొండంతా నీలం కావడం ఆ ఏడాదే. పూసిన మొక్క విత్తనం రాల్చి చచ్చిపోతుంది, అందుకే రెమ్మలు తెంపకండి. ఆ పూల పేరు మీద వెలసిన కురింజి ఆండవర్ (సుబ్రహ్మణ్యస్వామి) గుడిని 1936లో కట్టించింది, హిందూ ధర్మం తీసుకున్న ఒక యూరోపియన్ స్త్రీ, లేడీ రామనాథన్. గుడి ఆవరణ నుంచి తెరిపి ఉన్న రోజున కింద పళని కనిపిస్తుంది. 2030కి వెళ్లాలనుకునేవాళ్లు ఆగస్టు, సెప్టెంబరు నెలలు ఖాళీ పెట్టుకోండి, గది మాత్రం ఆర్నెల్ల ముందే చూసుకోండి.